తడి ఉన్ని

కిర్గిజ్ కొండల్లో, మా నరీన్‌లో
మార్చి అంటే ఇంకా మంచే.
బడి పొయ్యిలో బొగ్గు వేసేవాణ్ణి,
కళ సంగతి నాకేం తెలుసు?

మూడు రోజులుగా హాలంతా గొర్రె వాసన.
ఉన్ని పరిచి, సబ్బునీళ్ళు చల్లి
చాపలో చుట్టి, పిల్లలంతా దానిమీదెక్కి
దబదబా తొక్కుడు.
సైకాల్ టీచరు "ఇంకా, ఇంకా" అంటుంటే
పొగగొట్టంలోంచి మసి రాలింది.

ఇవాళ తాడుమీద ఆరేశారు.
తోలొగొన్ గుర్రానికి ఐదు కాళ్ళు.
ఎందుకురా అంటే,
"ఒకటి బెణికితే ఉంటుందిలే తాతా" అన్నాడు.
బెగిమాయ్ కొండలు ఎర్రగా ఉన్నాయి.
నీలం ఉన్ని అయిపోయిందట.
పొద్దు వాలుతుంటే కిటికీలోంచి చూశాను,
నిజమే, ఎర్రగానే ఉన్నాయి.

అమ్మలొచ్చారు, చప్పట్లు కొట్టారు, టీ తాగి వెళ్ళారు.
మూలన ఒక ముక్క మిగిలిపోయింది.
పేరు రాయలేదు ఎవరూ.
అంతా నల్ల ఉన్ని, నడుమ సన్నగా నారింజ గీత.
తిరగేశాను. మళ్ళీ తిరగేశాను.

నా పొయ్యి తలుపు!
ఓరగా తెరిచి ఉంది.

ఈ రాత్రికి ఇంకో బకెట్ బొగ్గు వేస్తాను.
ఎవరైనా అడిగితే చెబుతా,
తడి ఇంకా ఆరలేదు గదా అని.