ఏ బెంచీ దాకా

మా దీవిలో గాలికి కొదవ లేదు.
తలుపు తీస్తే టోపీ పోతుంది,
ఆరేసిన దుప్పటి అవతలి దీవిలో తేలుతుంది.
పీగీకి మాత్రం
మంచం నుంచి కిటికీ దాకా సరిపడా గాలి దొరకదు.

డెబ్భై ఏళ్ల పీట్ పొగ,
మగ్గం గదిలో ఉన్ని నూగు,
మానేశానని నాతో చెప్పిన సిగరెట్లు.
ఏది ఎంత పేరుకుందో
స్టోర్నోవే డాక్టరు విడదీసి చెప్పలేదు.
ఒక పెట్టె పంపాడు.

కళ్లకు గంతలు కట్టుకుంటే లోకం కనిపిస్తుందట!
నవ్వాను.

రోజూ పదింటికి
వేలికి మీటరు తగిలించుకుని, కుర్చీలో కూర్చుని
ఆమె వెళ్లిపోతుంది.
"ఎక్కడున్నావు?"
"ఏటి ఒడ్డున."
"ఎవరున్నారు?"
"చెట్లు."
మా ఊళ్లో చెట్టన్నదే లేదు.
యాభై మూడేళ్లలో నేను లేకుండా
ఆమె వెళ్లిన మొదటి ఊరు అది.

లేని కొమ్మ నుంచి లేని పండు కోస్తుంది.
కింద పడుతుందేమోనని కుక్క కాచుకునుంటుంది.
పెదాలు సున్నా చుట్టి
వేడి పాలు ఊదినట్టు ఊదుతుంది.
ఎనభై తొమ్మిది. తొంభై. మళ్లీ ఎనభై తొమ్మిది.
రేవులో పీతల ధర చూసినట్టు
ఆ అంకె కేసే చూస్తాను నేను.

నిన్న రాత్రి ఆమె పడుకున్నాక
దొంగలా దాన్ని తలకు తగిలించుకున్నాను.
"మళ్లీ వచ్చారా, పీగీ?" అంది ఎవరో అమ్మాయి గొంతు.
కూర్చునే కాళ్లెత్తి దించాలి, దారి కదులుతుంది.
నేను తొందరపడ్డాను,
దారి తొందరపడలేదు.
పన్నెండు అడుగులకో బెంచీ.
నాకు అలుపు లేదు. అయినా కూర్చోమంది.
కూర్చున్నాను.
ఎదురుగా చూడ్డానికి ఏమీ లేదు,
ఊపిరి తిరగడానికే ఆ బెంచీ.

అప్పుడు గుర్తొచ్చింది
చర్చి మెట్ట.
సగం ఎక్కి ఆమె ఆగేది, సముద్రం కేసి తిరిగి.
పైనుంచి నేను అరిచేవాణ్ణి,
"రోజూ చూసే నీళ్లేగా, ఏముంది అక్కడ?"
ఎన్నేళ్లు అరిచానో.

పొద్దున నర్సు ఫోను.
"రాత్రి పదకొండున్నరకు నలభై అడుగులా!
ఒక్క దగ్గైనా లేకుండానా?"
నేను టీ కెటిల్ కేసి తిరిగాను.
"నిద్ర పట్టలేదు తల్లీ," అంది పీగీ,
"అలా కాస్త తిరిగొచ్చాను."

ఫోను పెట్టేసింది.
ఊపిరి కూడదీసుకోవడానికి కొంతసేపు.
తరవాత, నా వైపు చూడకుండానే,

"ఏ బెంచీ దాకా వెళ్లావు, ముర్దో?"