పొర

గాలెయ్య పలకరాయి మనిషి.
మార్కాపురం గనుల్లో ముప్పయ్యేళ్ళు
నల్లరాయిని ఒళ్ళో పెట్టుకుని
ఉలి మొనతో ఇట్టా తట్టి, అట్టా తట్టి,
చెవి వంచి వినేవాడంట.
ఎక్కడో ఒకచోట రాయి గొంతు మారుద్ది.
అక్కడ ఒక్క దెబ్బ,
అప్పడంలా విడిపోద్ది.

పిల్లలు పలకలు మానేశారు.
ఫ్యాక్టరీ గేటుకి తుప్పు పట్టింది.
ఉలి ఇంటి చూరులో ఉంది.
తట్టే అలవాటు మాత్రం
తర్లుపాడు రోడ్డు మీద మస్తాన్‌బీ టీ కొట్టుకి
పొద్దున్నే ఆరింటికి వచ్చి కూర్చుంటది.

"ఏందిరా మీరావలీ, నేల నీకు
ఒక కాలికే అప్పుపడిందా?"
"మస్తాన్‌బీ, చక్కెర డబ్బాని టీకి
దూరం నుంచి చూపిచ్చావా ఏంది?"
కాంపౌండరు కొత్త చొక్కా వేస్తే
"ఎవురి పీనుగు మీదదబ్బా, బాగా నప్పింది."
నేనొస్తే చాలు, లేచి నిలబడి,
"న... న... నమస్కారం! ఈయన నిన్న మొదలుపెట్టిన మాట
ఇయ్యాల దిగుద్ది, గ్లాసులు పక్కకి జరపండి."

ఎందుకట్టా అని అడిగితే తలా ఒక మాట.
మస్తాన్‌బీ పైత్యం అంటది, ధనియాల కషాయం తాపమంటది.
కాంపౌండరు, చిన్నప్పుడు మేస్త్రీ
పగిలిన ప్రతి పలకకీ
వాడి వీపు మీద లెక్క రాసేవాడంటాడు.
మీరావలి ఏమీ అనడు. ఒకసారి మాత్రం అన్నాడు:
"మనం ఉలిక్కిపడితే గదన్నా
తను ఉన్నట్టు తనకి తెలిసేది."
అన్నీ నిజమే కావచ్చు.
నాకు తెలిసింది వేరే.

మొన్న ఎండల్లో, కరెంటు లేని మధ్యాహ్నం
నా జిరాక్సు కొట్టుకి వచ్చాడు, పింఛను కాగితం పట్టుకుని.
అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.
"నువ్వే నింపు అబ్బయ్యా.
సంతకం కాడ వేలిముద్ర.
బయట అనబాక."
ఆ బొటనవేలికి సిరా అద్దింది నేనే.
రాతిపొడి ఇంకా గీతల్లోనే ఉంది.

వారం తిరక్కుండా, నిండు బెంచీల ముందు
"న... న... న..." అని మొదలుపెట్టాడు.
రాయి గొంతు మారే చోటు నాకూ తెలుసిప్పుడు.
"లక్ష పలకలు కోశావే గాలెయ్యా,
ఒక్కదాని మీదన్నా నీ పేరు రాశావా?
రాయడం వస్తేగా!"

నత్తి లేదు.
నలభై రెండేళ్ళలో మొదటిసారి
ఒక మాట నా నోట్లోంచి
ఎక్కడా తట్టుకోకుండా, నూనె రాసినట్టు జారింది.
బెంచీలు విరగబడి నవ్వాయి.
ఒరే, ఎంత తీపి!
తాటిబెల్లం చప్పరించినట్టు చెవుల దాకా తీపి.
ఇదా, ఇందుకా ఆయన
ఆరింటికే లేచి వచ్చేది!

గాలెయ్య గ్లాసు కింద పెట్టాడు.
సగం టీ. మీద మీగడ కడతా ఉంది.
బొటనవేలు గుప్పిట్లో దాచుకుని వెళ్ళాడు.

ఆ రాత్రి అద్దం ముందు నిలబడి
మంచిమాటలు నాలుగు అనబోయా. నత్తి.
తిట్టబోయా. లేదు.
కొట్లో స్టాంపు ప్యాడు మీద
ఆయన వేలు నొక్కిన గుంట అట్నే ఉంది.

తొమ్మిది రోజులు. ఆ చోటు ఖాళీ.
"తిట్టేవాడు లేక టీ కూడా చప్పగుంది"
అంటది మస్తాన్‌బీ, గిన్నె గీకుతా.
అందరూ నా వంక చూస్తున్నారు,
ఏదన్నా అను, అన్నట్టు.

రోడ్డు దాటి మీరావలి వస్తున్నాడు
ఒక కాలు ఈడ్చుకుంటా.
నా నాలుక కింద ఒక మాట
నున్నగా, తయారుగా.
తడుతున్నా. వింటున్నా.
దొరికింది.

పొగలు కక్కే గ్లాసు ఎత్తి
ఒక్క గుక్కలో మింగా.
నాలుక కాలింది. కాలనీ.

"క... క... కూర్చో, మీరావలీ."