పేరు మరిచిన బ్యాటరీ

సఖినేటిపల్లి రేవులో
పంటు టిక్కెట్ల గదిని ఆనుకుని ఉంటుంది నా కొట్టు.
బోర్డు మీద సెల్ రిపేర్లు అనే రాయించాను.
జనం మిక్సీలు తెస్తారు, టార్చిలైట్లు తెస్తారు.
ఒకాయన వినికిడి మిషను తెచ్చి
"మా ఆవిడ మాట తప్ప అన్నీ వినపడుతున్నాయమ్మా" అన్నాడు.

ఈ కుర్రాడు తువ్వాలు విప్పగానే రొయ్యల మేత వాసన.
లోపల, చేత్తో పట్టుకు ఆడే గేమ్ మిషను.
కుడివైపు గుండీల మీద గుర్తులు అరిగిపోయాయి.
పేరు ప్రకాశరత్నం. రాత్రిళ్లు తండ్రితో చెరువు కాపలా.
"ఏం చేశావు?"
"ఏం చెయ్యలేదండి."
నా బల్ల మీదికొచ్చే ప్రతి వస్తువూ
ఎవరూ ఏం చెయ్యకుండానే చచ్చిపోతుంది.
నేను ఊరుకున్నాను.
కాసేపటికి వాడే చెప్పాడు.

ఫర్మ్‌వేర్ మారిస్తే కొత్త ఆటలు ఆడుతుందన్నారండి.
బ్యాటరీ ఎప్పుడో నీరసించిందండి, ఛార్జరు మీదే నడుస్తోంది.
డెబ్బై రెండు శాతం దాకా గీత కదిలింది,
కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్ది కదండీ,
డీజిలింజను తిప్పమని నాన్న కేక.
తిరిగొచ్చేసరికి పచ్చలైటు ఓసారి వెలిగి ఆరిపోతోంది.
బొమ్మ లేదు.

నాకర్థమైంది.
పంటు ఈ రేవు వదిలింది, నరసాపురం చేరలేదు.
నడి వశిష్ఠలో ఇంజను ఆగింది.
పాత రాత సగం చెరిగింది, కొత్తది సగమే పడింది.
లేచి తానెవరో చెప్పుకుందామంటే
దానికి ఒక్క పూర్తి వాక్యం లేదు.

"రేపటికి కావాలండి, ఆదివారం."
"ఆదివారమైతే?"
"కరీముల్లా వారం మొదలండి."
అవతలి ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పనట వాడికి.
చెరి పద్నాలుగొందలు వేసుకుని కొన్నారు.
ఒక వారం ఈ గట్టు, ఒక వారం ఆ గట్టు.
నాకంటే ఎక్కువసార్లు గోదారి దాటింది ఈ మిషను.

ఇలాంటివాటికొక దొంగదారి ఉంది.
బ్యాటరీలో నూకగింజంత చిప్పు
తన నంబరు తాను గుర్తుపెట్టుకుంటుంది.
దాని అయిదో కాలు లేపితే మర్చిపోతుంది.
పేరులేని బ్యాటరీ తగిలించామా,
మిషను ఇంకా ఫ్యాక్టరీ బల్ల మీదే ఉన్నాననుకుంటుంది,
కార్డులో ఏది రాసిస్తే అదే తననుకుంటుంది.

"నీ కార్డు తీసి జేబులో పెట్టుకో" అన్నాను.
"ఇద్దరి ఆటలూ అందులోనే కదా."
వాడు చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

సొరుగులో పాత బ్యాటరీలు రెండు దొరికాయి.
మొదటిదాని కాలు విరిగింది.
వాడు చూడలేదు, నేనూ చెప్పలేదు.
రెండోదానికి అమ్మ లేసు సూది తీశాను.
పువ్వుకింత అని లెక్కగట్టి దళారి డబ్బులిచ్చే రోజుల్లో
అమ్మ చెయ్యి వణికితే మిగతా పువ్వులు నేనల్లేదాన్ని.
ఊపిరి బిగబట్టడం అక్కడ నేర్చిందే.
కాలు లేచింది.

నాలుగు నిమిషాలు నల్ల తెర.
ఫ్యాను కట్టేశాను, ఎందుకో.
తర్వాత ఏవో అక్షరాలు, ఏ దేశపువో,
ఇద్దరికీ రాని లిపి.
"కంగారు పడకండి" అన్నాడు వాడు నాతో.
బొటనవేలు మూడు కిందికి, ఒకటి పక్కకి, మళ్లీ రెండు.
ఒక్క ముక్క చదవకుండా ఇల్లంతా తిరిగొచ్చాడు.

చివర్లో అది టైమెంతని అడిగింది.
రేవులో పంటు హారను కొట్టింది.
ఆరింటి పంటు అంటూ ఆరు పెట్టాడు.
వంద చేతిలో పెట్టి, మిగతా వంద పట్టుబడి రోజున, ఆయ్, అని
తువ్వాలు చంకన పెట్టుకుని పరిగెత్తాడు.

బుధవారం అవతల్నుంచి ఒక పొడుగాటి కుర్రాడు దిగాడు.
"దీనికేమైనా అయిందాండి మొన్న?"
"ఏం కాలేదే."
"గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోంది."
"ఆ రోజు పంటు ఆలస్యం" అన్నాను.