మంగళవారం నాది

మీట నొక్కి పడుకునేవాణ్ణి.
"ఫిర్యాదు అందింది" అని అక్షరాలు వచ్చేవి,
చేతులు కడుక్కున్నట్టుండేది.
అందింది సరే, ఎవరికందిందో
ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

టార్టూలో, బంగాళదుంప వీధిలో
(నవ్వకండి, మా పేటలో వీధులకు కూరల పేర్లే)
మెట్లు కిర్రుమనే చెక్క ఇంట్లో
తైమి పుస్తకాలు కుడుతుంది.
విద్యార్థుల పరిశోధనలకు అట్టలు వేసి
ఆ డబ్బుతో కరెంటు బిల్లు కడుతుంది,
తనదీ, మాదీ.
జిగురు గిన్నె పక్కన, బల్ల కింద
పాత కంప్యూటరొకటి పిల్లిలా గురక పెడుతుంది.
రెండువేల నూటనలభైమందిమి
అందులోనే కాపురం.

పెద్ద కంపెనీల కోటలు వదిలి వచ్చినవాళ్ళం.
యజమాని లేని ఊరని సంబరపడ్డాం.
పొద్దున లేచేసరికి వీధి శుభ్రంగా ఉంటే
గాలే ఊడ్చిందనుకున్నాం.

జనవరి చివర్లో ఆమె నాలుగు ముక్కలు రాసింది:
"రెండు వారాలు చూడలేను.
కళ్ళు మూసుకుంటే బొమ్మలు కదులుతున్నాయి.
ఎవరైనా ఉంటారా?"
కింద డెబ్భైమూడు హృదయాలు పడ్డాయి.
ఆఖరుది నాదే.
"నేనుంటా" అన్నవాళ్ళు లేరు.

మర్నాడు నా బస్సులో ఎవరో వాంతి చేసుకున్నారు.
బయట నది గడ్డకట్టి ఉంది.
డిపోలో వల్వె బకెట్టు తెచ్చి కడిగింది.
వల్వెకి జీతముంది, రబ్బరు తొడుగులున్నాయి,
ఆదివారం సెలవుంది,
"నీ పుణ్యం" అంటే వినడానికి నేనెదురుగా ఉన్నాను.
స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు
తైమి వేళ్ళ గురించి ఆలోచించాను.
ఎప్పుడూ చూడలేదు వాటిని.

సాయంత్రం మెట్లెక్కాను.
ఎందుకొచ్చానో చెప్పేలోపే టీ పోసింది.
తర్వాత నేర్పింది:
బొమ్మలన్నీ బూడిదరంగులోకి మార్చు.
గోరంత చెయ్యి. శబ్దం తీసెయ్యి.
తేల్చడానికి ఎంత కావాలో అంతే చూడు.
తినేముందు వద్దు.
చూశాక చేతులకి పని చెప్పు.
ఒంటరిగా మొయ్యకు, మోంటెవిడియోలో ఇరినెయో ఉన్నాడు,
మనకి అర్ధరాత్రయితే
వాడి వంటింట్లో ఇంకా ఎండ ఉంటుంది.

మొదటి మంగళవారం పదకొండొచ్చాయి.
పిచ్చుకలకి రొట్టె వెయ్యొచ్చా కూడదా అని
ఇద్దరు ముసలాళ్ళు జుట్లు పట్టుకున్నారు, విడదీశాను.
ఒకడు ఒకామె యాసని వెక్కిరించాడు, వాడి మాట తీసేశాను.
"నియంత!" అన్నాడు.
నియంతకి తెల్లవారి నాలుగున్నరకి డ్యూటీ.

పదకొండోది వేరే సర్వర్ నుంచి వచ్చింది.
బూడిదరంగు. గోరంత.
అదేమిటో చెప్పను,
చెబితే మీకూ అంటుతుంది.
ఆ సర్వర్‌కీ మాకూ మధ్య తలుపు మూసి
గొళ్ళెం రెండుసార్లు చూసుకున్నాను.
ఇరినెయో రాశాడు: "నేనూ చూశాను.
సరిగ్గానే చేశావు.
ఇక లేచి నీళ్ళు తాగు."
తాగాను. గిన్నెలు తోమాను.
తోమినవి మళ్ళీ తోమాను.

ఇది ఆమె ఎన్ని రాత్రులు?
లెక్క కట్టబోయి మానేశాను.

తైమి మూడు వారాలు పడుకుంది.
నెలకి రెండు యూరోలు వేసేవాళ్ళు
ఇప్పుడు నూటముప్ఫైమంది,
ఆ డబ్బులో కొంత ఓ మానసిక వైద్యురాలికెళ్తుంది,
మాలో ఎవరు తలుపు తట్టినా
ఎందుకని అడక్కూడదని ఒప్పందం.
బుధవారం లెహ్తెది. పళ్ళ డాక్టరుగా రిటైరయింది,
ఎవరి నోరూ ఆమెకి కొత్త కాదు.
గురువారం, శుక్రవారం ఇద్దరు అన్నదమ్ములు
పంచుకుంటూ పోట్లాడుకుంటున్నారు.

తిరిగొచ్చినరోజు తైమి నాకో నోటుపుస్తకం ఇచ్చింది,
తను కుట్టిందే.
ఏం తీశాం, ఎందుకు తీశాం, రాసుకోమని.
బూడిదరంగు అట్ట.
తెరిచాను. లోపలి కాగితం
పండు మిరపకాయ రంగు.
కాసేపు అలాగే తెరిచి పట్టుకున్నాను.

శనివారం గడి ఇంకా ఖాళీగానే ఉంది.