ఎస్టిమేటు

గీజరు ఏడువేల ఎనిమిదొందలు.
ఖర్చంతా అదే అనుకున్నా.

ఖాజావలి వచ్చి గోడమీద వేలితో కొట్టి
పుచ్చకాయను విన్నట్టు విన్నాడు.
"నాలుగంగుళాల గోడక్కా, నిండు ట్యాంకు మొయ్యదు.
అవతలివైపు బిగిద్దాం.
మీటరు కాడినించి లావు వైరు లాగాలి.
ఎర్తు ఉందా?"
లేదు.
చీటీ పాడిన డబ్బు ఆ వైరు చుట్టతోనే సరి.

పెరట్లో గొయ్యి తవ్వి
ఉప్పు ఒక వరస, బొగ్గు ఒక వరస పోశాం.
కొన్న బొగ్గు కాదు,
ఇన్నాళ్లూ మా నీళ్లు కాగిన పొయ్యిలోదే.

పోతాపోతా చెప్పాడు:
"కనిగిరి నీళ్లు గదా,
ఏడాదికోసారి విప్పించు.
కాయిలుకి గార పట్టుద్ది."
నవ్వాడు.
నేనూ నవ్వాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా.
ఇద్దరి పళ్లకీ
అదే గార.