మోచేతి దూరం

బొమ్మనహళ్ళిలో మా మిద్దె మీద
ఆరు కోళ్ళు, ఒక పాత కూలరు డబ్బా.
ఎర్రపెట్టకి వీపున ఈకల్లేవు.
"ఆ నల్లదాని పొగరు, ముక్కు కోయించు" అంది ఓనరమ్మ.

టేపు తెచ్చి కొలిచాను:
అటు రెండు మూరలు, ఇటు మూర,
ఆరింటికీ కలిపి.

ఫ్యాక్టరీలో మా లైను మీద
నా మోచెయ్యి చౌడమ్మకి తగులుతుంది,
చౌడమ్మది నాకు.
మధ్యాహ్నం మూడుకల్లా తిట్టుకుంటాం.
మంచిదే, పాపం. బస్సులో సీటు పట్టి ఉంచుతుంది.

ఆదివారం బట్టల తీగ విప్పేసి
గోడ నుంచి గోడకి వల కట్టాను,
బస్తాడు ఇసక పోశాను.
చీరలు వంటింట్లో ఆరతాయిలే, పోపు వాసనేసినా.

దసరా సెలవుకి చూస్తే
ఎర్రదాని వీపు మీద నూగు.
నల్లది రెక్క చాపి ఇసకలో పొర్లుతోంది,
మిద్దెంతా ఖాళీగా ఉన్నా
దాని పక్కనే.