పక్క నుంచి పడే వెలుతురు

శనగగింజంత ఉండేది, ఎడమ కనుబొమ పైన.
తొమ్మిదేళ్లు అక్కడే, అద్దె కట్టకుండా కాపురమున్నట్టు.
ఆలోచనలో పడితే వేలు అక్కడికే పోయేది.
మంగలి ఒసీరిస్ దువ్వెన తగిలినప్పుడల్లా
"క్షమించాలి" అనేవాడు,
నాతో కాదు, దానితో.

ఇరవై నిమిషాల పని.
మత్తుసూది చురుక్కుమంది,
ఆపైన నా నుదురు ఎవరిదో అయిపోయింది.
"తిత్తి సంచీతో సహా వచ్చేసింది" అంది డాక్టర్ ఎచెవెర్రీ,
గాజుసీసా ఎత్తి చూపించింది:
ఉడికిన వెల్లుల్లి రెబ్బ.
దీనికా నేను తొమ్మిదేళ్లు టోపీ పెట్టుకున్నది?

నాలుగు కుట్లు. ఏడో రోజున విప్పారు.
గింజ పోయి గీత మిగిలింది.
మొదట వంకాయ రంగు, తర్వాత ఇటుక రంగు,
ఇప్పుడు, మూడో నెలలో,
వేడి మాతే తాగినప్పుడల్లా నాకంటే ముందు అదే ఎర్రబడుతుంది.

"లేజర్, మూడు సిట్టింగులు.
మొదటిది ఎరుపుకి, మిగతా రెండూ గీత చదును కావడానికి.
అవసరమా అంటే కాదు.
కావాలా అంటే, అది మీరే చెప్పాలి."
లెక్క రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
నా దుకాణానికి రెండు నెలల అద్దె.

దుకాణం సంగతి చెప్పలేదు కదూ.
దురాస్నో వీధిలో ఫోటో స్టూడియో.
ముప్పై ఒక్కేళ్లుగా నా పనే మచ్చలు తీయడం.
ముందు సన్నకుంచెతో, నెగటివ్ మీద, ఊపిరి బిగబట్టి;
ఇప్పుడు మౌస్‌తో, మాతే చప్పరిస్తూ.
పెళ్లికూతుళ్ల మొటిమలు,
మొదటిసారి కోటు తొడుక్కున్న కుర్రాళ్ల గడ్డం గాట్లు,
మోంటెవీడియోలో ఎందరి గోడల మీదో
నేనిచ్చిన నున్నటి బుగ్గలు వేలాడుతున్నాయి.
మరి నా నుదుటి దగ్గరికొచ్చేసరికి
చెయ్యి ఎందుకు ఆగుతోంది?

పోయిన చలికాలం, జూలైలో,
ఒలిందా బెంతంకుర్ వచ్చింది, కారుతున్న గొడుగుతో.
భర్త దాల్మీరో ఫోటో. నేను తీసిందే, నేను దిద్దిందే.
కౌంటర్ మీద పెట్టి, ముక్కు పక్కన వేలు ఆనించి
"ఇక్కడ పులిపిరి ఉండాలి" అంది.
అప్పట్లో మీరే తీసేయమన్నారు, అన్నాను.
"అప్పుడు మనిషి ఇంట్లో ఉన్నాడు" అంది.

పాత పెట్టెల్లో మూడు రోజులు నెగటివ్ వెతికాను. దొరకలేదు.
చివరికి చేత్తోనే పెట్టాను, ఆవిడ పక్కన నిలబడి చెబుతుంటే:
"ఇంకాస్త కిందికి. ఊహూ, అంత గుండ్రం కాదు.
ఒక వెంట్రుక ఉండేది."
వెంట్రుక కూడా పెట్టాను.
డబ్బు తీసుకోలేదు.
తీసుకోవలసింది, ఆవిడ నొచ్చుకుంది.

అయితే మచ్చ ఉంచుకో, అంటారు మీరు.
అంత తేలిగ్గా నీతి చెప్పకండి.
నా ఫోటో పట్టుకుని వానలో తిరిగేవాళ్లు ఎవరూ లేరు.
పైగా కెమెరా ముందు కూర్చున్నవాళ్లు
లెన్స్ వంక మానేసి నా నుదురు వంక చూస్తున్నారు,
"ఎవరు కొట్టారు?"
కనుబొమలు లేస్తాయి, ఫోటో పాడవుతుంది.
పనికి అడ్డం. ఇదీ నిజమే.

నిన్న దుకాణం మూశాక ఆ స్టూలు మీద నేనే కూర్చున్నాను.
ఎదుటి దీపం వేస్తే గీత లేదు.
పక్క దీపం వేస్తే ఉంది, దాని నీడతో సహా,
సముద్రమంత మా నది వెనక్కి తగ్గాక
ఇసుకలో మిగిలే తడిచారలా.
రెండూ తీశాను. రెండూ అబద్ధం కాదు.
అలవాటుగా చెయ్యి మౌస్ మీదికి పోయింది.
తుడిచాను. చూశాను.
ఎవడో నున్నటి పెద్దమనిషి, పొరుగూరి నోటరీలా.
వెనక్కి తెచ్చుకున్నాను.

పొద్దున క్లినిక్‌కి ఫోన్ చేశాను.
"మూడూ కలిపి రాసేయనా? రాయితీ ఉంది" అంది అమ్మాయి.
ఒక్కటి చాలన్నాను.
ఎరుపు పోనీ. గీత ఉండనీ.
"సగం పనా?"
నాకు వచ్చిన పనంతా ఎక్కడ ఆపాలో తెలియడమే, తల్లీ,
అది నేర్చుకోవడానికే ముప్పై ఏళ్లు పట్టింది...
అనలేదు. గురువారం పదకొండింటికి, అన్నాను.

ఫోన్ పెట్టేశాక వేలు మళ్లీ అక్కడికే పోయింది.
గింజ లేదు.
కాసేపు వెతుక్కుంది.